పద్దులో వ్రాయని పేరు

మా అమ్మకు చాకలిపద్దు వ్రాయుటయందు మిక్కిలి పట్టుదల. వంటయింటి తలుపు ప్రక్కన మేకునకు వ్రేలాడు చిన్న పుస్తకములో చీరలు ఇన్ని, పంచెలు ఇన్ని, తువ్వాళ్లు ఇన్ని యని పెన్సిలుతో వ్రాసి, మూట తిరిగి వచ్చిననాడు ఒక్కొక్క మడత విప్పి సరిచూచుకొనెడిది. ఒకమారు చేతిగుడ్డ యొకటి తగ్గినందులకు చాకలి ఆమెను రెండు పర్యాయములు రేవునకు త్రిప్పినది. తుదకు ఆ గుడ్డ మా అన్న పుస్తకముల సంచిలో దొరకినది! ఈ ముచ్చట నాకు యాబది యేండ్లకు పిమ్మట, సముద్రముల కావల, సైనికుల ఆసుపత్రిలో జ్ఞాపకము వచ్చునని యెన్నడు ననుకొనలేదు.

నేను అమెరికాలో మా అమ్మాయి యింట నుంటిని. పిల్లలు బడికి, పెద్దలు కచేరికి పోయిన పిమ్మట ఇల్లు నన్ను మ్రింగునట్లుండెడిది. ఇరుగమ్మ యొకతె తాను పోవు ఆసుపత్రికి నన్నును తీసికొనిపోయినది. యుద్ధములకు పోయి వచ్చినవారి కొరకు ఆ దేశమున ప్రత్యేకముగ నొక ప్రభుత్వశాఖ కలదు. వెటరన్స్ అఫేర్సు శాఖ యందురు. 1930లో ఏర్పడి, 1989లో మంత్రివర్గపు శాఖ యైనది. దానిక్రింద సుమారు 170 పెద్ద ఆసుపత్రులును, వేయికి మించిన చిన్న వైద్యశాలలును ఉన్నవి. అట్టి యొకదానిలో వారమునకు రెండు దినములు, వాకిటి బల్లయొద్ద కూర్చుండి వచ్చినవారికి కాఫీ పోసి యిచ్చుట నా పని. జీతము లేదు. వచ్చువారిలో వియత్నాము యుద్ధమునాటి వృద్ధులు పెక్కురు. ఇరాకు, ఆఫ్‌గనిస్థానముల నుండి తిరిగి వచ్చిన మా అల్లుని యీడువారును కలరు. వీరు మాటలాడరు. కాఫీ తీసికొని గోడకు వీపానించి, తలుపువైపు చూచుచు కూర్చుందురు.

2019 ఫిబ్రవరిలో ఒక సోమవారము నేను పోవుసరికి, కార్లు నిలుపు ఆవరణలో ఒక మూల పసుపుపచ్చని పట్టీ కట్టియుండెను. దాని నడుమ మంచు నల్లగా త్రొక్కబడియున్నది. లోపల ఎవరును ఏమియు పలుకరు. మా పనిని చూచు ఉద్యోగిని మమ్ము ప్రక్కకు పిలిచి, “ఎవరైన అడిగినచో మాకు తెలియదని చెప్పండి” అన్నది. నిత్యము వచ్చు వృద్ధుడొకడు కాఫీ చేతపట్టుకొని నా బల్లకు దగ్గరగా వంగెను.

“రాత్రి మావాడొకడు పోయినాడమ్మా. కారులోనే. తన ప్రాణము తానే తీసుకొన్నాడు.”

“డాక్టరును చూడవచ్చినాడా?”

“రావలెనని వచ్చినాడో, చూచి తిరిగిపోవుచున్నాడో ఎవరు చెప్పగలరు?”

మరునాటికి పట్టీ తీసివేసిరి. ఆ మూల మరల కార్లు నిలిచినవి.

ఆ సంవత్సరమే ఏప్రిలులో, అయిదు దినములలో ముగ్గురు మాజీ సైనికులు ఇట్టి ప్రభుత్వ వైద్యస్థలములందే ప్రాణములు తీసికొనిరని పత్రికలలో వచ్చెను. ఇద్దరు జార్జియాలో, ఒకడు టెక్సాసులో. ప్రతినిధుల సభాసంఘ మొకటి ఆ నెలలోనే విచారణ జరిపినది. నేను పత్రిక మడిచిపెట్టితిని గాని మంచులోని ఆ నల్లని మూల నా మనస్సును విడువలేదు.

మరుసటి యేడు కరోనా వచ్చి నా ఆసుపత్రి సేవ ఆగిపోయినది. మా అమ్మాయి కంపెనీల లెక్కలు తనిఖీ చేయు ఉద్యోగము చేయును. 2020 సెప్టెంబరులో ఒక సాయంకాలము ఆమె కాగితముల కట్ట యొకటి తెచ్చి, “అమ్మా, ఇది నీ ఆసుపత్రుల సంగతే” అని నా ఒడిలో నుంచినది. అది గవర్నమెంటు అకౌంటబిలిటీ ఆఫీసు వారి నివేదిక. 1921లో స్థాపితమైన ఆ కార్యాలయము కాంగ్రెసు పక్షమున సర్కారు ఖర్చులను, పనులను పరీక్షించునది. మన యిండ్లలో అత్తగారు కోడలి పద్దు చూచినట్లనుకొందము.

2017 అక్టోబరు నుండి 2019 సెప్టెంబరు వరకు, రెండు సర్కారు సంవత్సరములలో, తమ ఆవరణలయందు 55 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొనిరని ఆ శాఖ లెక్క చెప్పినది. తనిఖీదారులు చూడగా అందు 10 మరణములు చేర్చరానివి. చేర్చవలసినవి 4 విడిచిపెట్టబడినవి. ఆత్మహత్యల నివారణయే వైద్యమున తమకు ప్రథమ కర్తవ్యమని చెప్పుకొన్న శాఖ వ్రాసిన లెక్క యిది! పాలవాని పద్దు తప్పని యిల్లుండునా యని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. మరణకారణమును నిర్ణయించునది ఆసుపత్రి గాదు, ఆయా ప్రాంతపు శవపరీక్షాధికారి. ఆ నిర్ణయము ఆలస్యముగ వచ్చును. కాని వ్రాసిన లెక్క సరియైనదో కాదో మరల చూచుకొను పద్ధతియే ఆ శాఖ యందు లేదని చదివినప్పుడు మా అమ్మ చాకలిపద్దు కన్నులయెదుట నిలిచెను.

అంతకంటె నన్ను కలచినది మరియొకటి. ఇట్టి మరణము సంభవించినపుడు, మరల జరుగకుండుటకు మూలకారణము వెదకు విచారణ యొకటి కలదు. నాడు అది అన్నిటికి జరుపుచుండలేదు. ఆసుపత్రిలో చేరియున్నవాడో, విడుదలయైన కొలది దినములకే పోయినవాడో యైనచో జరుపుచుండిరి. 2017 అక్టోబరు నుండి 2019 ఏప్రిలు వరకు జరిగిన మరణములలో నూటికి 25 మాత్రమే ఆ నియమములోనికి వచ్చినవట. వాకిట కారులో పోయినవాడు చేరినవాడు గాడు, విడుదలయైనవాడు గాడు. అన్నిటికిని విచారణ జరుపుడని తనిఖీదారులు చెప్పిన సలహాకు శాఖవారు సమ్మతింపలేదు. ఆ నివేదికలో పేర్లు లేవు, ఉండరాదు కూడ. మా ఆవరణ మూలన పోయినవాడు ఆ 55లో నున్నాడో, తప్పిపోయిన నలుగురిలో నున్నాడో నాకెన్నటికి తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తప్పిపోయిన నలుగురి మాట తలచినకొలది మా పిన్ని జ్ఞాపకము వచ్చుచుండెను.

1968లో మా పిన్ని, అమ్మకు స్వయాన చెల్లెలు, మా పెరటి నూతిలో పోయినది. నాకప్పుడు పదియేండ్లు. అత్తవారింటినుండి ఆమె మూడుమారులు పుట్టింటికి వచ్చుట, మూడుమారులును పసుపుకుంకుమలు పెట్టి తిరిగి పంపుట నేను చూచితిని. నాలవమారు పంపవలసిన తెల్లవారుజాము నది. అందరును “కాలు జారినది” అనిరి. అమ్మ నన్ను గదిలోనికి తీసికొనిపోయి, “ఎవరడిగినా కాలు జారిందని చెప్పు” అని నా భుజము నొక్కిపట్టినది. మునసబుగారి జననమరణముల పుస్తకములో ప్రమాదమని వ్రాయబడెను. అది పోలీసులను జూచి అందరు భయపడు కాలము. పెండ్లి కావలసిన పిల్లలున్న యిల్లు. అమ్మను నేను తప్పుపట్టుట లేదు. కాని వ్రాసినది ప్రమాదము గనుక జరిగిన చికిత్సయు ప్రమాదమునకే జరిగినది. మా తాతగారు నూతికి ఒర రెండడుగులు ఎత్తు చేయించిరి. పిన్ని అత్తవారిని ఒక్క మాట అడిగినవారు లేరు. ఏడాది తిరుగకుండ ఆ యింటికి మరియొక పిల్ల కోడలుగా వచ్చినది. ఆమె పెండ్లికి మా వాళ్లును పోయివచ్చిరి.

చేతిగుడ్డ తగ్గిన నోర్వని మా అమ్మ ఆ తరువాత తన చెల్లెలి పేరు మా యింట మరల పలుకలేదు.

ఇచటి సంగతి మరల చెప్పెదను. ఆవరణలలో పోయినవారు కొలదిమందియే. శాఖవారు 2024లో ప్రకటించిన లెక్కలో, 2022వ సంవత్సరమునందు ఆ దేశమున మొత్తము 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్యకు పాల్పడిరి; దినమునకు పదిహేడుగురు పైమాట. ఆ రాశిలో ఈ కొలదిమంది యెంత యని యెవరైన అనవచ్చును. అయినను వైద్యుని గుమ్మమువరకు వచ్చి పోయినవాడు ఏమి చూచి వెనుదిరిగెనో తెలిసికొనుటకు ఆ గుమ్మములోనివారికంటె తగినవారెవరు?

కొన్ని మార్పులు వచ్చినవి. 2023 జనవరి 17 నుండి, ప్రాణము తీసికొను ఆలోచనతో అత్యవసరస్థితి నున్న మాజీ సైనికుడు తమ ఆసుపత్రికే గాక ఏ ఆసుపత్రికి పోయినను ఖర్చు పెట్టుకొను చట్టము అమలులోనికి వచ్చినది. ముప్పది దినముల వరకు ఆసుపత్రిలో నుంచి చూతురు. 2022 జూలై నుండి 988 అను మూడంకెలు త్రిప్పి ఒకటి నొక్కినచో పలుకు మనిషి యున్నాడు.

నేను మరల బల్లయొద్దకు పోయినపుడు మాబోటి కాఫీ పోయువారికిని ఒక పూట పాఠము చెప్పిరి. దిగులు చూచినచో చుట్టు త్రిప్పక, “చనిపోవలెనను ఆలోచన నీకు కలుగుచున్నదా?” యని సూటిగా అడుగవలెనట. అడిగినందున లేని ఆలోచన పుట్టదట. వినుటకే నాకు వణకు పుట్టినది. ఆ మాట మన భాషలోనే నా నోట ఎన్నడు రాలేదు. ఇక ఇంగ్లీషులో నెట్లు వచ్చును? ఇంటికి వచ్చి అద్దము ముందర నిలిచి పదిమారులు వల్లించితిని. మనుమరాలు చూచి, అమ్మమ్మ నాటకమాడుచున్నదని నవ్వినది.

నెల దాటిన పిమ్మట నాటి వృద్ధుడే వచ్చెను. గడ్డము పెరిగియున్నది. చక్కెర మూడుమారులు వేసికొని కలుపుట మరచెను. నేను బల్ల వెనుకనుండి ఇవతలకు వచ్చి ప్రక్క కుర్చీలో కూర్చుండి, వల్లించిన మాటను ఉన్నదున్నట్లు అడిగితిని.

అతడు గిన్నె క్రింద పెట్టెను. చాలసేపు తలుపువైపు చూచెను.

“ఈవేళ లేదమ్మా” అనెను. “పోయిన మంగళవారము ఉండెను.”

“పైకి పోవుదము రండి. నేనును వచ్చెదను” అంటిని.

మనోవైద్యుల గది రెండవ అంతస్తులో నున్నది. అతని మోకాలు మంచిది కాదు. నా మోకాలును అంతియే. లిఫ్టు వచ్చువరకు ఇద్దరమును గోడ పట్టుకొని నిలిచితిమి.