బంతికి బరువు ఎక్కడిది?

హైదరాబాద్‌లో యానిమేషన్ నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో, కొత్తగా చేరినవాళ్ల తరగతి చూడటానికి వెళ్లాను. వరసగా ఉన్న తెరలన్నిటి మీదా ఒకటే దృశ్యం: బూడిదరంగు నేల, దాని మీద ఎగిరిపడుతున్న బంతి. సినిమా హీరోలనూ రాక్షసులనూ కదిలించాలని ఫీజు కట్టి చేరినవాళ్లకు ఈ బంతి గొడవేమిటని అనిపించడం సహజమే. అయినా ఈ పాఠాన్ని తొందరగా దాటించకూడదనే నా వాదన. తెరమీది వస్తువు బరువెంతో, అది దేనితో చేసిందో ప్రేక్షకుడికి చెప్పేది ‘స్క్వాష్ అండ్ స్ట్రెచ్’ సూత్రమే. దాన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయకుండా, ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ సొంతంగా చేస్తేనే పట్టుబడుతుంది.

సూత్రం వినడానికి తేలిక. కిందికి దూసుకొచ్చే బంతి నిలువుగా సాగుతుంది, నేలను తాకగానే అణుగుతుంది, లేస్తూ మళ్లీ సాగి, పైకి చేరేసరికి గుండ్రమవుతుంది. ఆకారం ఎంత మారినా ఘనపరిమాణం మాత్రం మారకూడదు. చిక్కంతా అక్కడే. ఒక అమ్మాయి తన బంతి ఎత్తును 0.64కు తగ్గించి, వెడల్పును 1.56కు పెంచింది. ఎదురుగా చూస్తే అంతా సరిగ్గానే ఉంది. శిక్షకుడు కెమెరాను పైనుంచి కిందికి తిప్పి, “వెడల్పు సరే, లోతు ఏదమ్మా?” అన్నారు. పైనుంచి ఆ బంతి కోడిగుడ్డులా కోలగా కనిపించింది. కాగితం మీది బొమ్మకు రెండే దిశలు, కంప్యూటర్ బంతికి మూడు. ఎత్తు 0.64 అయితే వెడల్పూ లోతూ చెరో 1.25 కావాలి, మూడూ గుణిస్తే తిరిగి 1 వస్తుంది. పక్క కుర్రాడి బంతి అణిగిన ప్రతిసారీ నేలను వదిలి గాల్లో తేలుతోంది. ఆకారం మార్చేటప్పుడు కదలకుండా నిలిచే బిందువు, అంటే పైవట్, బంతి నడిమధ్యలో ఉండిపోయింది. దాన్ని అడుగుకు దించాక బంతి నేలకు ఆనింది. లెక్క కుదిరాక అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: ఎంత అణచాలి? నీళ్లు నింపిన బెలూన్‌ను అణచినట్టు ఇనుపగుండును అణిస్తే ఎవరూ నమ్మరు. ఆ ‘ఎంత’ తేల్చేది యానిమేటర్ కన్నే.

ఈ సూత్రం కంప్యూటర్ కన్నా పాతది. 1930లలో డిస్నీ స్టూడియో చిత్రకారులు దీనికి రూపమిచ్చారు. సగం నింపిన పిండి బస్తాను ఎలా పడేసినా అందులోని పిండి పెరగదు, తరగదు; వాళ్లు సాధన చేసింది ఆ బస్తా బొమ్మతోనే. ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన పుస్తకంలో వివరించిన 12 సూత్రాల్లో మొదటిది ఇదే. వాటిని కంప్యూటర్ యానిమేషన్‌కు అన్వయిస్తూ యానిమేటర్ జాన్ లాసెటర్ 1987లో సిగ్రాఫ్ సదస్సుకు ఒక పత్రం రాశారు. వస్తువు ఆకారం మారకపోయినా సూత్రం పనిచేస్తుందని అందులో ఆయన చూపించారు. ఆయనే తీసిన 1986 నాటి పొట్టి చిత్రం ‘లక్సో జూనియర్’లోని టేబుల్ ల్యాంపు లోహంతో చేసింది, అది సాగదు. కీళ్ల దగ్గర ముడుచుకోవడమే దానికి స్క్వాష్, నిటారుగా చాచుకోవడమే స్ట్రెచ్.

ఇప్పుడు సిమ్యులేషన్ ఉంది కదా, భౌతికశాస్త్రం లెక్కలన్నీ అదే చూసుకుంటుంది కదా అంటారు కొందరు. మెట్ల మీంచి దొర్లే పెట్టెకు అది చాలు. దూకాలా వద్దా అని తటపటాయించే పాత్రకు మాత్రం చాలదు, ఎందుకంటే సంకోచానికి సమీకరణం లేదు. సహజంగా కనిపించాల్సిన సినిమాల్లో ఈ సాగుడు పనికిరాదని మరో మాట. దానికి జవాబు మన దగ్గరే ఉంది. 2012లో వచ్చిన ‘ఈగ’లో కథానాయకుడి మొహంలో ఎక్కువ భాగం కళ్లే, నవ్వడానికీ ఏడవడానికీ చోటు లేదు. రాజమౌళి బృందం స్ఫూర్తి తీసుకున్నది ‘లక్సో జూనియర్’ నుంచే. తల, కాళ్లు, రెక్కల కదలికలతోనే ఆ ఈగ కోపాన్ని మనకు చేరవేశారు. కదిలే వస్తువును మసకగా చూపే మోషన్ బ్లర్ ఉండగా సాగదీయడం ఎందుకనే మూడో అభ్యంతరంలో మాత్రం కొంత నిజముంది. సెకనుకు 24 ఫ్రేముల్లో వేగంగా పోయే బంతి ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య ఖాళీ వదిలి, కంటికి అదురుతున్నట్టు కనిపిస్తుంది. సాగదీయడం వల్ల ఆ ఖాళీ పూడేది. ఇప్పుడు మోషన్ బ్లర్ ఆ పని చేస్తోంది కాబట్టి అంతమేరకు అవసరం తగ్గింది. కానీ బ్లర్ వేగాన్ని చూపిస్తుందే తప్ప, ఆ బంతి రబ్బరుదో ఇనుముదో చెప్పలేదు.

యానిమేషన్ కోర్సులో చేరాలనుకునే పిల్లలకూ, ఫీజు కట్టే తల్లిదండ్రులకూ ఒక మనవి. గోడల మీది పోస్టర్లు, సాఫ్ట్‌వేర్ల జాబితా చూసి నిర్ణయించకండి. అక్కడి విద్యార్థులు చేసిన బంతి వీడియోలు రెండు చూపించమనండి, ఒకటి రబ్బరుది, ఒకటి ఇనుపది. రంగులు తీసేసినా ఏది ఏదో మీరు గుర్తుపట్టగలిగితే అక్కడ నిశ్చింతగా చేరవచ్చు.