ఎన్ని గ్రాములుంటుంది?

మన వాళ్ళకెవరికైనా కొత్త నగ చూపించండి. మొదటి ప్రశ్న ఏమిటో పందెం కట్టి చెప్తాను. "ఎన్ని గ్రాములుంటుంది?" రెండోది "ఎక్కడ తీసుకున్నారు?" మూడోది "తరుగు ఎంత వేశాడు?" అంతే, ఇక నగని డబ్బాలో పెట్టేయొచ్చు. అదే చీర చూపిస్తే ఇలా ఉండదు. అంచు తడిమి చూస్తారు, కొంగు పరిచి చూస్తారు, తిరగేసి నేత చూస్తారు, "నెమలికంఠం రంగు భలే కుదిరిందే" అంటారు. చీర ఎన్ని గ్రాములని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నగ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితం చూసినట్టు చూస్తాం.

మా టీమ్‌లో వరంగల్ అమ్మాయి ఒకామె ఉంది. ఆవిడ తులాల్లో మాట్లాడుతుంది, గోదావరి వాణ్ణి కాబట్టి నేను కాసుల్లో మాట్లాడతాను. తులం అంటే ఇప్పుడు పది గ్రాములు, కాసంటే ఎనిమిది. ఈ మార్పిడి మా ఇద్దరికీ నోటికొచ్చు. కానీ ఒక నగ ఎలా ఉందో చెప్పమంటే ఇద్దరి దగ్గరా ఉన్నవి మూడే మాటలు: బావుంది, హెవీగా ఉంది, సింపుల్‌గా ఉంది. మాటీలు, వంకీ, నాగరం, అడ్డబాస, నాను, పట్టెడ అని ఇన్ని పేర్లు పెట్టుకున్న భాష మనది. నేను ఆ పేర్లలో సగం పాతికేళ్ళు దాటాక నేర్చుకున్నాను.

మగవాడివి, సాఫ్ట్‌వేర్ వాడివి, నీకెందుకు నగల గోల అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి :) ఇంట్లో చెల్లి పెళ్ళి కుదిరి, బంగారం పది గ్రాములు లక్ష దాటిన 2025లో ఉంటే ఎవరికైనా ఈ గోల పట్టుకుంటుంది.

నాన్న ఒక దారి ఆలోచించారు. లాకర్లో నానమ్మది గుట్టపూసల హారం ఉంది. దాన్ని మార్చేసి, పైన కొంత వేసి, చెల్లికి టెంపుల్ జ్యువెలరీ సెట్ తీసుకోవడం. "పాతదే కదరా, ఈ రోజుల్లో ఎవరు వేసుకుంటారు?" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే మా ఇంట్లో ఒప్పుకోలేదని అర్థం, కానీ ఆ అర్థం నాన్నకి ఈ ముప్ఫై ఏళ్ళలో తెలిసినట్టు లేదు.

షాపుకి నేనూ వెళ్ళాను. అక్కడ జరిగిన లెక్క చెప్తాను, ఎందుకంటే మనం లెక్కల వాళ్ళం. హారం మొత్తం బరువు 62 గ్రాములు. రాళ్ళూ, ముత్యాలూ, లోపలి లక్కా కలిపి అందాజుగా 14 గ్రాములు తీసేశారు. మిగిలింది 48. గీటురాయి మీద గీసి, తర్వాత ఎక్స్‌రే మిషన్లో పెట్టి చూస్తే స్వచ్ఛత 85 శాతం వచ్చింది. అంటే మేలిమి బంగారం 40.8 గ్రాములు. 916 లెక్కలోకి మారిస్తే 44న్నర. అమ్మ చూపించిన కొత్త సెట్టుకి తరుగు 18 శాతం. అంటే ఆ 44న్నర గ్రాముల విలువకి చేతికొచ్చే కొత్త నగ 37.7 గ్రాములు. జీఎస్టీ 3 శాతం పైన వేరే. 62తో లోపలికెళ్ళి 37తో బయటికొస్తాం అన్నమాట. అందులో 14 ఎప్పుడూ బంగారం కాదు, అది నేనూ ఒప్పుకుంటాను.

షాపు వాళ్ళు మోసం చేశారని నేననడం లేదు. ప్రతి అంకె స్క్రీన్ మీద చూపించారు. నాకు గుచ్చుకున్నది వేరే. తరుగు 18 శాతం ఎందుకండీ అంటే కౌంటర్ అబ్బాయి "డిజైన్‌ని బట్టి ఉంటుంది సార్" అన్నాడు. సరే, మరి మా హారం డిజైన్‌కి ఎంత వస్తుంది అనడిగాను. అతను నా వైపు జాలిగా చూసి, "కరిగించేదే కదా సార్, డిజైన్‌కి ఏముంటుంది? ముత్యాలు మాత్రం మీకే కవర్లో వేసి ఇచ్చేస్తాం" అన్నాడు. అంటే మనం కొనేటప్పుడు డిజైన్ ఉంది, దానికో రేటుంది. మనం ఇచ్చేటప్పుడు ఆ కాలమ్ సున్నా. ఇరవై ఏళ్ళు నడిచిన ప్రాడక్ట్‌ని కొనేటప్పుడు సర్వర్ల పాత ఇనప ధర కట్టి, కోడ్‌కి ఏముంటుంది సార్ అన్నట్టుంది.

హాల్‌మార్కింగ్ మన దగ్గర 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదన్నారు. చాలా మంచి పని, మా అమ్మమ్మల కాలంలో ఇది లేక ఎంతమంది మోసపోయారో. కానీ ఆ ముద్ర చెప్పేది లోహం గురించి. పనితనం గురించి ఏ ముద్రా ఏమీ చెప్పదు, అది మన కళ్ళే చూసుకోవాలి.

రెండు రోజులు టైమ్ అడిగి హారం ఇంటికి తెచ్చేశాం. ఆ రాత్రి టేబుల్ లైటు కింద పెట్టి ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటోలు తీశాను. పుట్టాక మొదటిసారి దాన్ని చూడటం అదే. హారంలో 21 మామిడి పిందెలున్నాయి. మెడ వెనక దగ్గర చిన్నగా మొదలై పతకం దగ్గరికొచ్చేసరికి పెద్దవవుతాయి. ఆ పెరగడం ఎంత నెమ్మదిగా ఉందంటే పక్కపక్క రెండిటినీ చూస్తే తేడా తెలియదు, మొదటిదీ పదోదీ చూస్తేనే తెలుస్తుంది. ఒక్కో పిందె పక్కదానికి పైనొక కడీ, కిందొక కడీతో కలిసి ఉంది. పై కడీ బిగువు, కింది కడీ వదులు. అందుకే మెడలో వేసుకున్నప్పుడు కంఠం ఎముక మీద అది వంగి కూర్చుంటుంది. ఒక్క ముక్క రేకు అయితే పలకలా లేచి నిలబడేది. పతకంలో రెండు హంసలు ఎదురెదురుగా ఉన్నాయి. కుడివైపు హంస తల కొంచెం ఎక్కువ వంచింది. అద్దంలో ప్రతిబింబంలా కాకుండా ఇద్దరు మనుషుల్లా ఉన్నాయవి.

కెంపుల సంగతి కూడా కనుక్కున్నాను. మా ఊరి ఆచారిగారికి ఫొటోలు పంపితే ఫోన్ చేసి అరగంట చెప్పారు. పాత పనిలో రాయి కింద వెలుతురు రాదు, వెనక మూసేసి ఉంటుంది. గూట్లో లక్క నింపి, మీద మెరుగు రేకు పరిచి, దాని మీద రాయి కూర్చోబెట్టి, చుట్టూ మేలిమి బంగారం రేకు ఒత్తుతారు. మేలిమి అంత మెత్తగా ఉంటుంది కాబట్టే వేడి లేకుండా ఒత్తిడితోనే పట్టుకుంటుంది. దీపం వెలుగులో ఆ రాయి లోపల్నుంచి వెలిగినట్టుండేది ఆ అడుగు రేకు వల్లే. "రాళ్ళు అసలువేనాండీ?" అంటే నవ్వారు. మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని వెర్న్యుయి అనే ఫ్రెంచి ఆయన 1902లోనే ప్రకటించాడు, ఆ తర్వాత మన నగల్లోకీ ఆ రాళ్ళు విపరీతంగా వచ్చాయి. కాబట్టి మా కెంపులు బర్మావో ఫ్యాక్టరీవో పట్టించుకోవడం మానేశాను. పక్కపక్కన పెట్టిన ఇరవై రాళ్ళ ఎరుపు ఒక్కలాగే ఉండేట్టు ఏరిన మనిషి మాత్రం కచ్చితంగా ఒకరున్నారు.

ఇప్పటి టెంపుల్ సెట్లలో చాలావాటికి ముందు క్యాడ్‌లో బొమ్మ గీసి, మైనంలో ప్రింట్ తీసి, అచ్చు పోసి తయారుచేస్తారు. లక్ష్మీదేవి పదకొండు చోట్ల ఉంటే పదకొండూ ఒకే ఫైలు. నేను దీనికి వ్యతిరేకం కాదు, తక్కువ బంగారంలో పెద్దగా కనపడే నగ ఆ పద్ధతి వల్లే మధ్యతరగతికి అందింది. కానీ లక్క మీద రేకు పెట్టి ఉలితో కొట్టి లేపిన నక్షీ పని ముందు పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అచ్చు నగలో గీతల అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. నక్షీలో ఉలి ఆగిన చోటు కనిపిస్తుంది.

నగని తిరగేసి చూడటం అలవాటు చేసుకోండి. నిజాం నగల సంగతే చూడండి. 173 వస్తువుల్ని భారత ప్రభుత్వం 1995లో దాదాపు 218 కోట్లకి కొంది, 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శించారు. ఎవర్ని కదిపినా 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం గురించే చెప్తారు. ఆ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాల మీద బరువుగా వాడుకున్నాడు. నాకైతే ఆ సేకరణలో నచ్చేవి హారాలూ, పతకాల వెనక వైపులు. ఒంటికి ఆనుకుని ఎవరికీ కనపడని చోట మీనా పని చేసి పువ్వులు పూయించారు.

ఇంజనీరింగ్ పరంగా కూడా మన నగల్లో బోలెడు సరదా ఉంది. బరువైన బుట్టలు పెట్టుకుంటే చెవి తమ్మె సాగిపోతుంది కదా, ఆ బరువుని చెవి మీదుగా తీసుకెళ్ళి జుట్టుకి తగిలించేవే మాటీలు. పక్కా లోడ్ బ్యాలెన్సర్. గాజుల సైజులు ఇంకా నయం. 2.4, 2.6, 2.8 అంటే దశాంశాలు అనుకునేవాణ్ణి. కాదు, చుక్క తర్వాతది అంగుళంలో పదహారో వంతులు. 2.8 అంటే రెండున్నర అంగుళాల వ్యాసం. అందుకే 2.8 కంటే 2.10 పెద్దది. సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్లతో తల బద్దలుకొట్టుకునేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేకుండా అర్థమవుతుంది.

సరే, ఇంట్లో సంగతి. నేను ఎంత ఉపన్యాసం ఇచ్చినా నాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. "బావుందిరా, కాదన్లేదు. కానీ అది పిల్ల వేసుకుంటుందా, మళ్ళీ లాకర్లో పెడుతుందా?" దీనికి జవాబు నేను చెప్పేది కాదు. చెల్లి బీరువాలో చీరలన్నీ మంచం మీద పడేసి ఒక్కోదాని మీదా హారం పెట్టి చూడటం మొదలుపెట్టింది. నిండా జరీ ఉన్న కంచి పట్టు మీద పెడితే హారం మాయమైపోయింది, బంగారం మీద బంగారం. పోచంపల్లి ఇక్కత్ మీద ఇంకా ఘోరం, ఆ గళ్ళూ ఈ పిందెలూ పోట్లాడుకున్నాయి. గద్వాల పర్లేదు, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ మాత్రమే పట్టు కాబట్టి హారానికి కాస్త ఖాళీ దొరికింది. అమ్మ అప్పుడు లేచి వెళ్ళి తన మధుపర్కం చీర తెచ్చింది. తెల్ల చీర, ఎర్రంచు. దాని మీద పెట్టగానే కెంపులు అంచుతో మాట కలిపాయి, ముత్యాలు తెలుపులో కలిసిపోకుండా నీడతో విడిగా కనిపించాయి. "అన్నయ్యా, ఇదీ" అంది చెల్లి. ఈ హారాలు చేసిన రోజుల్లో చీరలు ఇంత హడావిడిగా ఉండేవి కావేమో అనిపించింది.

జాకెట్టు విషయంలో అమ్మ మాటే నెగ్గింది. మెడ కాస్త లోతుగా, ఏ పనీ లేకుండా కుట్టించాలి, ముత్యాల కుచ్చు ఒంటి మీద పడాలి గానీ మగ్గం పని మీద పడితే ఒక్కో పూసా దారాల్లో చిక్కుకుంటుంది అంది. చేతికి వంకీ పెడితే చేతుల అంచు సన్నంగా ఉండాలి, లేకపోతే వంకీ ఎందుకు పెట్టుకున్నట్టు? సెంటు ముందు, ముత్యాలు ఆఖర్న. చెల్లి మాత్రం ఇంకో అడుగు వేసింది, నానమ్మ బుట్టల్ని నీలం నూలు కుర్తా మీద ఆఫీసుకి పెట్టుకెళ్తోంది. మెడలో ఏమీ లేదు, చేతికి వాచీ. ఎవరూ గ్రాములు అడగలేదట, ఎక్కడ దొరుకుతాయని అడిగారట.

టెంపుల్ సెట్ మానేసి రెండు జతల గాజులు, ఒక సన్న గొలుసు కొన్నాం. తలంబ్రాల టైముకి చెల్లి మధుపర్కం మీద ఆ హారం వేసుకుని కూర్చుంటే నాన్న ఫొటోగ్రాఫర్‌ని పిలిచి "ఇది దగ్గరగా ఒకటి తియ్యి బాబూ" అన్నారు. తర్వాత నాతో "మా అమ్మ ఇది వేసుకున్న ఫొటో ఒక్కటీ లేదురా" అన్నారు.

పెళ్ళికి ముందు ముత్యాల దారం మార్పించాం, పాత దారం ముట్టుకుంటే పొడి అయ్యేట్టుంది. పత్తర్‌గట్టీ వైపు పూసలు గుచ్చే పెద్దాయన ఒక్కో కుచ్చూ విప్పి తెల్లగుడ్డ మీద లెక్కపెట్టారు. మూడు పూసలు తక్కువున్నాయి. రంగు కలిసినవి దొరికాయి గానీ అంత చిన్నవి దొరకలేదు. ఎడమవైపు ఏడో పిందె కింద కాస్త లావుగా ఉన్నవి అవే, వెతికితే తెలుస్తాయి.