పాదమా, పనితనమా?

వస్తువును కొనునప్పుడు రెండు ప్రశ్న లడుగవలసియున్నది. ఇది బాగుగా చేయబడినదా యనునది మొదటిది. ఇది వాడువారికి తగునా యనునది రెండవది. మన గృహములలో మొదటి ప్రశ్న నడుగువారికి కొదువ లేదు. పట్టుచీర తెచ్చిన జరీని గోటితో గీచి చూతురు. ఇత్తడిబిందె తెచ్చిన వ్రేలితో మ్రోగించి విందురు. మంచము తెచ్చిన కోళ్లను కదలించి చూతురు. రెండవ ప్రశ్న నడుగువారు మాత్ర మరుదు. ఏలయన దానికి సమాధానము చెప్పవలసినది వస్తువును వాడువారు గాని కొనువారు కారు. మన యిండ్లలో నీ యిరువురును తఱచుగా వేఱువేఱు మనుష్యులు. ఈ సంగతి మేము గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. ఒక జత హాకీజోళ్లు కొని, మా కుమార్తె పాదములకు బాధ గలిగించి నేర్చుకొంటిమి.

మా కాపురము కెనడాదేశమందలి ఒంటారియోలో. ఇచ్చట హాకీ యనగా పచ్చికబయటి యాట గాదు, మంచుగడ్డపై నాడునది. బంతికి బదులు చదునైన రబ్బరుబిళ్లను కొట్టుదురు. ఆటగాండ్రు పరుగెత్తరు, బూటు అడుగున నిలువుగా బిగించిన సన్నని ఉక్కుబ్లేడుపై జారుచు పోవుదురు. ఆ బూటును బ్లేడును గలిపి స్కేటందురు. పూర్వ మీ రెండును వేఱుగా నుండెడివి. నోవా స్కోషియాలోని డార్ట్‌మత్ పట్టణమున స్టార్ అను కర్మాగారమువారు 1860 దశకమున చేసిన స్కేట్లను, ఎవరి బూట్లకు వారు మీట త్రిప్పి బిగించుకొనెడివారు. పాదమున కలవాటైన బూటు ఇంటనే యున్నది గావున, అంగడిలో ఉక్కు పనితనమును చూచిన చాలెడిది. కిచెనర్ పట్టణమున 1927 లో ఆరంభమైన బౌవర్ సంస్థవారు 1933 నుండి బ్లేడును బూటునకు శాశ్వతముగా బిగించి అమ్మసాగిరి. అట్టి జోళ్లు వ్యాపించినకొలది పాదమునకు తగుటయు, పనితనమును ఒకే కొనుగోలులో ఒకదానితో నొకటి పోటీపడసాగినవి. తోలుబూట్ల కాలమున నీ పోటీ కొంత మెత్తగా నుండెను. తోలు కొన్నాళ్లకు పాదమునకు లొంగును. ఇప్పటి మేలురకపు బూట్లు కార్బన్ ఫైబరు మొదలగు గట్టి పదార్థములతో చేయబడుచున్నవి. అవి తేలిక, దృఢము. లొంగుట మాత్రము తక్కువ.

రెండు శీతకాలములకు పూర్వము, అప్పటికి పదునొకండేండ్లదైన మా అమ్మాయి, బాలికల జట్టులో చేరెదనని కోరినది. ఆడపిల్లకు కఱ్ఱ పట్టి మంచుపై నాడు ఆట యేల యని బంధువులలో కొందఱు టెలిఫోనులోనే విసిగించిరి. వారికి సమాధానముగా మేము గొప్ప జోడు కొంటిమి. ఈ మాట వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని నిజ మిదియే. ఆడపిల్ల గనుక తక్కువరకముతో సరిపెట్టినా రన్న మాట రాగూడదని మా పట్టుదల. ఒక దుకాణమున నగ్రశ్రేణి జోడొకటి, క్రొత్త నమూనా వచ్చుటచే, సగము ధరకు పెట్టిరి. మేము దాని కుట్లు చూచితిమి, బ్లేడు చూచితిమి, బరువు చూచితిమి. ఎదుగుచున్న పిల్ల యని ఒక అంకె పెద్దది తీసికొంటిమి. అమ్మాయి అప్పుడు పాఠశాలలో నున్నది. ఆమె పాదముకొఱకు కొనిన వస్తువు, ఆమె పాదము లేకయే ఇంటికి వచ్చినది.

నవంబరు నెలనుండి ఆటపాఠములు సాగినవి. తెల్లవారుజామున రింకునకు పోయి, మేము మోకాళ్లపై గూర్చుండి మా బలమంతయు నుపయోగించి లేసులు బిగించెడివారము. అమ్మాయి నాలుగడుగులు జారి, చీలమండలు లోపలికి వాలి, పడెడిది. తోడి బాలికలు మలుపులు తిరుగుచుండగా ఈమె గోడ పట్టుకొని నిలిచెడిది. మేము గాజుగోడ వెలుపలనుండి "భయపడకు, మోకాళ్లు వంచు" అని కేకలు వేసెడివారము. జోడు మంచిది గదా. లోప ముండిన పిల్లలోనే యుండవలెనని మా తర్కము. ఇంటికి వచ్చినపిదప ఆమె స్నానపుగదిలో తలుపు వేసికొని చాలసేపుండెడిది. అది ఆటలోని యలసట యనుకొంటిమి.

ఆ యేడు సంక్రాంతి మాతో గడుపుటకై మా తల్లిగారు తెనాలినుండి వచ్చిరి. భోగినాడు తలంటుటకు మనుమరాలికి నువ్వులనూనె రాయుచు పాదములవఱకు వచ్చి యామె చేయి ఆగినది. మడమల వెనుక చర్మము లేచి పుండ్లు పడియున్నవి. చీలమండ ముందువైపున లేసులు ఒత్తిన చోట ఎఱ్ఱని గీతలు వాచియున్నవి. "ఏమిరా, పిల్ల కాళ్లు ఎప్పుడైనా చూశావా?" అని మా తల్లిగారు మమ్ము కేకవేసిరి. మేము పోవునంతలో అమ్మాయి అనుచున్నది: "నానమ్మా, ఊరుకో. నాన్న ఎంతో డబ్బు పోసి కొన్నాడు. జోడు మంచిదే. నాకే ఆట రాదు."

ఈ కడపటి మాట మమ్ము మిక్కిలి బాధించినది. నొప్పిని సహించుట ఒక యెత్తు. ఆ నొప్పికి కారణము తానేయని పిల్ల నమ్ముట మఱియొక యెత్తు. జోడు గొప్పతనమును మేమెంత పొగడితిమో, ఆమె నోరంత మూతపడినది. మేము ఫిర్యాదునకు చోటులేనంత మంచి వస్తువును కొనియిచ్చితిమి.

ఆనాడు మా తల్లిగారు మా తాతగారి చెప్పుల మాట జ్ఞాపకము చేసిరి. ఊరిలో చెప్పులు కుట్టు పెద్దమనిషి, తాతగారి పాదమును తోలుపై నిలిపి, చుట్టును బొగ్గుతో గీత గీచి, రెండవ పాదమునకు వేఱుగా మఱల గీచెడివాడట. రెండు పాదములు సమముగా నుండవని అతడెఱుగును. అంతటి జ్ఞానము గలవానిని మా యింటివారు అరుగెక్కనీయలేదు; వాకిట నెండలోనే కూర్చుండబెట్టిరి. అతని చేతిపనిని తొడిగికొని, అతనిని మాత్రము దూరముగా నుంచిరి. ఆ యింటివారమే మేమును. కొలత పెట్టువాని విద్యను గౌరవింపనివారికి కొలతపై గౌరవ మెట్లు కలుగును?

మఱునాడు అమ్మాయిని వెంటబెట్టుకొని వేఱొక దుకాణమునకు పోయితిమి. అచ్చట జోళ్లు అమర్చు స్త్రీ వయసు మీఱినది. ఆమె ముందుగా మాతో మాటలాడలేదు. అమ్మాయిని బల్లపై గూర్చుండబెట్టి, మా గొప్ప జోడును తొడుగుమని, ఎక్కడ నొక్కుచున్నది, ఎక్కడ కదలుచున్నది యని యడిగినది. అమ్మాయి మా ముఖము చూచినది. మేము తల యూచితిమి. అప్పుడు గాని పిల్ల నోరు విప్పలేదు.

ఆమె వివరించిన సంగతులు చదువరులకును ఉపయోగపడగలవు. హాకీజోడు సంఖ్య సాధారణముగా మన బూటు సంఖ్యకంటె ఒకటి, ఒకటిన్నర తక్కువగా నుండును. మేము తగ్గించుటకు బదులు పెంచితిమి. అందుచే మడమ లోపల లేచిపడుచుండెను. ఆ కదలిక నాపుటకై లేసులు బిగించితిమి; బిగువంతయు చీలమండ ముందరి నరములపై పడినదే గాని మడమ నిలువలేదు. ఇంతియ గాక, ఆ బూటు బలిష్ఠులైన ఆటగాండ్రు వేగముగా మలుపు తిరుగునప్పటి యొత్తిడికి ఓర్చుటకై చేయబడినది. 32 కిలోల బాలిక దానిని వంచజాలదు. చీలమండ ముందునకు వంగనిదే మోకాలు వంగదు. మోకాలు వంగనిదే మంచుపై నిలకడ లేదు. మేము గోడ వెలుపలనుండి వంచుమని కేకలు వేసినది, వంగనీయని బూటును తొడిగించియే.

పరీక్షలు కూడ నామె చూపినది. జోడు తొడిగి నిటారుగా నిలిచినప్పుడు కాలివ్రేళ్లు ముందరి గట్టికప్పును తాకితాకనట్లుండవలెను. మోకాళ్లు వంచినంతనే మడమ వెనుకకు పోయి వ్రేళ్లకు కొంచెము సందు దొరకవలెను. లేసు కట్టకమునుపు నాలుకను ముందునకు లాగి, పైనుండి మూడవ రంధ్రముల జతపై అడ్డముగా పెన్సిలు నుంచిన, అది పాదమును తాకరాదు. తాకినచో బూటు లోతు చాలదన్నమాట. పెరుగు పిల్లలకు అర సంఖ్యకంటె నెక్కువ వదులు ఇయ్యరాదు. మా అమ్మాయి పాదము వ్రేళ్లకడ వెడల్పు, మడమకడ సన్నము. కావున మడమను పట్టి, ముందుభాగమును వదలు ఆకృతి ఆమెకు గావలెను. ఇప్పటి ప్రధాన సంస్థలు ఒకే శ్రేణిలో సన్నపు, మధ్యమ, వెడల్పు ఆకృతులను వేఱువేఱుగా చేయుచున్నవి. ఆకృతి భేదమునకును ధర భేదమునకును సంబంధము లేదు.

ఇంతమాత్రమున పనితనము చూడనక్కఱలేదని మేమనుట లేదు. ఆ దుకాణముననే అమ్మాయి మిక్కిలి చౌకజోడొకటి తొడిగి, "ఇదే హాయిగా ఉంది" అనినది. మేమును బుద్ధి వచ్చినవారివలె వెంటనే దానినే యిమ్మంటిమి. ఆ స్త్రీ నవ్వి, చీలమండ భాగమును రెండు చేతులతో నొక్కినది. అది అట్టపెట్టెవలె లోనికి కూలినది. ఆ హాయి, బూటు ఏ పనియు చేయకపోవుటవలన గలిగిన హాయి. మెత్తనిది అందఱికిని అమరినట్లే తోచును. ఒరిగినప్పుడు మాత్ర మెవరిని నిలుపదు. చౌకరకపు ఉక్కు త్వరగా మొద్దువాఱును. కొన్నింట బ్లేడు అరిగినచో దానినొక్కదానిని మార్చుకొను వీలును లేదు. సరియైన జోడు మొదట బిగువుగానే యుండును. బిగువు పాదమునంతటిని సమముగా పట్టును. నొప్పి ఒక్కచోట పొడుచును. ఈ భేదమును పిల్లకు నేర్పి, అటుపిమ్మట నామె మాట వినవలెను. అడుగకుండుట యెంత తప్పో, అడుగుట నేర్పకుండ అడుగుటయు నంత తప్పే.

తుదకు మధ్యమశ్రేణి జోడు కుదిరినది. మొదటి దానికి మేమిచ్చిన సగము ధరకంటెను దీని ధర తక్కువ. దానిని సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వేడిగల పెట్టెలో కొన్ని నిమిషములుంచి, మెత్తబడినపిదప అమ్మాయికి తొడిగి లేసులు కట్టి, పావుగంట కదలక కూర్చుండుమనిరి. చల్లారుకొలది బూటు ఆమె చీలమండ ఆకారమును పట్టుకొన్నది. ఈ వేడి చిన్న సవరణకే పనికివచ్చును గాని, పెద్దబూటును చిన్నది చేయజాలదని కూడ నామె హెచ్చరించినది. కావున క్రమ మిది: మొదట పాదముయొక్క కొలతయు ఆకృతియు, అమరిన వానిలో ఆటవారి బరువునకును నేర్పునకును తగినంత గట్టితనము, ఆ పిమ్మట ధర, కడపట పేరు. మేము సరిగా తలక్రిందుగా పోయితిమి.

మేము సంస్కారవాదుల మనిపించుకొన్నవారము. కూతునకు కొడుకుతో సమానముగా ఖర్చు పెట్టుటయే సమానత్వ మనుకొంటిమి. ఖర్చు పెట్టితిమి, కొలత తీయలేదు. మా పెద్దలు వరుని వంశము, ఆస్తి, ఉద్యోగము విచారించి, వధువును మాత్ర మడుగక పెండ్లి చేసినప్పుడు మేమెంతగానో గర్హించితిమి. మేము చేసినదియు ఆ జాతి పనియే. మంచి సంబంధము, మంచి కళాశాల, మంచి జోడు — ఈ మంచి యను మాటలో ఎవరికి మంచి యను ప్రశ్న యిమిడియున్నదని మఱచితిమి. సహించువారి మౌనమును సంతృప్తిగా లెక్క వేసికొనుట మన యిండ్లకు పాతయలవాటు; అది సంస్కరణ వేషము వేసికొని మా యింట మఱల ప్రవేశించినది.

ఇప్పుడు ప్రతి శరదృతువునను అమ్మాయి తెల్లకాగితముపై నిలుచును. మేము చుట్టును పెన్సిలుతో గీత గీతుము, ఎడమపాదమునకు వేఱుగా, కుడిపాదమునకు వేఱుగా. నిరుటి గీతపై నీయేటి గీత ఎంత జరిగినదో చూచుకొని అంగడికి పోవుదుము. ఆమె గొప్ప క్రీడాకారిణి యగునో కాదో చెప్పలేము. ఆటనుండి వచ్చి మడమలు దాచుకొనుట మానినది. ఏది యొత్తుచున్నదో సూటిగా చెప్పుచున్నది, ఒక్కొకప్పుడు జోళ్లకు సంబంధింపని విషయములలో గూడ. ఆ గొప్ప జోడును ప్రక్కవీథి పిల్లవాని కిచ్చితిమి. అతనికి పదునాలుగేండ్లు, దృఢకాయుడు, చిన్ననాటినుండి యాడుచున్నవాడు. అది యతని పాదమునకు అచ్చు వేసినట్లమరినది. మొన్న రింకులో నతడు వేగముగా మలుపు తిరుగుచుండగా చూచి మా అమ్మాయి, "చూశావా నాన్నా, ఆ జోడు మంచిదే" అనినది. ఈసారి ఆ మాటకు తరువాయి లేదు.