పంటికీ రాతికీ కుదిరిన సంబంధం

మా బాగేపల్లి, చింతామణి సీమలో పళ్లమీద గోధుమరంగు చారలు కొత్తగావు. నేలంతా బండరాయి. ఆ రాతిలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని కట్టడి ఉన్నా, దాటిన బోర్లు ఎన్నో. 1937లోనే నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్టు మొదలైన వైద్యులు ఈ జబ్బును గుర్తించి రాశారు.

మా అక్క కూతురికి ఇరవైరెండేళ్లు. సంబంధాలు చూస్తున్నాము. ఫోటోకు నవ్వమంటే పెదవి విప్పదు. చూడవచ్చిన ఒకావిడ, "అమ్మాయి పళ్లు తోముకోదా?" అని మా ఎదుటనే అడిగింది. తోమితే పోయే మరకా అది! చిన్నప్పుడు చిగురులో పన్ను తయారవుతూ ఉండగానే పడిన మచ్చ.

చిక్కబళ్లాపురంలో దంతవైద్యురాలికి చూపించాము. పన్నుమీద సన్నని పూత వేయవచ్చునన్నది. అందులో ఏముంటుందమ్మా అంటే, "మీ ఊరి రాతిలో ఉండే సిలికానే. గాజుపొడి, దాన్ని పట్టే ప్లాస్టిక్" అని నవ్వింది.

ఎస్సెస్సెల్సీతో చదువు ఆపిన గుమాస్తాలము, అయినా ఊరుకోలేదు. గాజుకూ ప్లాస్టిక్‌కూ పొత్తు కుదరదే? దానికి మధ్యన సిలేన్ అనే పదార్థం పెడతారట. అందులోని సిలికాన్‌కు నాలుగు చేతులు. మూడు చేతులు తడి తగిలి మారి, గాజుపొడి మీది ఆక్సిజన్‌తో ముడిపడతాయి. నాలుగోదానికి ఒక తోక. నీలికాంతి పడగానే ప్లాస్టిక్ గట్టిపడుతూ ఆ తోకను కూడా తనలో కలుపుకొంటుంది. వాషింగ్టన్‌లోని జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన రఫాయెల్ బోవెన్ ఇటువంటి ముద్దకు 1962లో పేటెంటు పొందాడు. గాజునార పడవల్లోనూ, కొన్ని మోటారు టైర్లలోనూ ఇదే ఉపాయం.

ఆమె కన్నడంలో చెప్పినదంతా ఇంటికొచ్చి అక్కకు తెలుగులో చెప్పాలి గదా. "పెళ్లిళ్ల పేరయ్య అనుకోవే" అన్నాము. కాకపోతే మన పేరయ్య తాంబూలం పుచ్చుకొని వెళ్లిపోతాడు; ఈయన కడదాకా ఇద్దరి చేతులూ పట్టుకొని మధ్యనే ఉండాలి. ఏళ్ల తరబడి తడి తగిలితే ఆయన పట్టూ కొంత సడలుతుంది. అప్పుడు మళ్లీ వేయించుకోవాలి.

నాలుగు పళ్లకు మా నెలజీతంలో మూడోవంతు పోయింది. బావగారు దండగ అన్నారు. మచ్చ ఉన్నంతమాత్రాన పిల్లకేమీ తక్కువ లేదని మేమూ అంటాము. కాని పూత వేసిన మర్నాడు అది అద్దం దగ్గరనుంచి కదలలేదు.

ఇక మా తమ్ముడి కొడుక్కు ఐదేళ్లు. ఎనిమిదేళ్లు వచ్చేదాకా పన్ను లోపల తయారవుతూనే ఉంటుంది గనుక జాగ్రత్త ఇప్పుడే. మరదలు బోరునీళ్లు కాచి పోస్తున్నది. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మరింత చిక్కనవుతుంది. ఇప్పుడు వాడికి మాత్రం ఫిల్టరు నీళ్ల క్యాను మేమే మోసుకొస్తున్నాము.