నడిసంద్రంలో వేలంపాట

మియామీ రేవు వదిలి ఓ రాత్రి గడిచింది. మెక్సికోలోని కోజుమెల్ దీవి కనపడాలంటే ఇంకో రాత్రి ఆగాలి. ఈలోగా పగలంతా నీళ్లే! కరీబియన్ విహార నౌకల్లో ఇలాంటి రోజుని 'సీ డే' అంటారు. దిగడానికి ఊరుండదు, కాలక్షేపానికి ఓడే దిక్కు. సరిగ్గా అప్పుడే మైకులో పిలుపు... లాంజ్‌లో చిత్రాల వేలం, షాంపేన్ ఉచితం!

బార్లో గ్లాసు గ్లాసుకీ బిల్లు వేసేవాళ్లు ఇక్కడ మాత్రం అడక్కుండానే పోస్తారు. చేతికో నంబరు కార్డు ఇస్తారు. జోకులేస్తూ పాట నడిపే కుర్రాడికి అమ్మకాల మీద కమీషన్. ఓడ కంపెనీకీ వాటా ఉంటుంది.

స్టాండ్ల మీద పికాసో, డాలీ, రెంబ్రాంట్... పేర్లు చూస్తేనే గుండె జారుతుంది. చాలామటుకు ప్రింట్లే. రెంబ్రాంట్ 1669లోనే చనిపోయాడు. ఆయన చెక్కిన రాగిరేకులు కొన్ని మిగిలాయి. వాటితో తర్వాతి శతాబ్దాల్లోనూ అచ్చులు తీశారు. అంటే గీత ఆయనదే, ఆ కాగితాన్ని మాత్రం ఆయన చూసి ఎరగడు! డాలీ సంగతి మరీ విచిత్రం. ఆయన సంతకమున్న 40 వేల ఖాళీ కాగితాలతో వెళ్తున్న లారీని 1974లో ఫ్రెంచి అధికారులు అండోరా సరిహద్దులో ఆపారు. సంతకం ముందు, బొమ్మ తర్వాత!

మన ఊళ్లో చెరువు చేపలకి పాట పెడితే దక్కేది ఒక్కరికే. ఇక్కడ అలా కాదు. ఒకరు పాడాక, 'ఇదే ధరకి ఇంకెవరికి కావాలి' అంటారు. ఎన్ని చేతులు లేస్తే అన్ని ప్రింట్లు. వాటిని చాలాసార్లు ఒడ్డునున్న గోదాము నుంచి ఇంటికి పంపుతారు. పాట మీద అదనపు రుసుము, ఫ్రేము, రవాణా వేరే. విలువ ఇంత అని కాగితమూ ఇస్తారు. ఆ విలువ కట్టేది సాధారణంగా అమ్మేవాళ్లే.

ఈ వ్యాపారంలో అతిపెద్ద సంస్థ 1969లో మిచిగాన్‌లో మొదలైన పార్క్ వెస్ట్ గ్యాలరీ. వేలకు వేల డాలర్లు పోసి కొన్నవాళ్లు ఒడ్డున విచారిస్తే అంత పలకదన్నారని, కోర్టుకెక్కారని 2008లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. సంస్థ ఆ ఆరోపణలను కొట్టిపారేసింది. అసలు అంతర్జాతీయ జలాల్లో జరిగిన అమ్మకానికి ఏ రాష్ట్రం చట్టం వర్తిస్తుందన్నదే పెద్ద చిక్కు. రిటైరయ్యాక దాచుకున్న డబ్బుతో యాత్రకొచ్చిన దంపతులకి ఆ వ్యవహారం తేలేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

అప్పట్లో నడిసంద్రంలో ఇంటర్నెట్ ఖరీదు, నత్తనడక. ఇప్పుడు చాలా ఓడల్లో ఉపగ్రహ ఇంటర్నెట్ బాగానే అందుతోంది. అదే ప్రింటు ఒడ్డున ఎంతకి పోయిందో కూర్చున్నచోటే చూడొచ్చు. కాకపోతే ఓ చేతిలో నంబరు కార్డు, ఇంకో చేతిలో గ్లాసు. ఫోను తియ్యాలంటే ముందు ఏదో ఒకటి కింద పెట్టాలి.