ద్వీప ప్రదక్షిణము

గుడిచుట్టు ప్రదక్షిణము చేయుట మనకు చిరపరిచితము. సముద్రములో దీవిచుట్టు ప్రదక్షిణము చేయువారును గలరు. వారి వాహనము కయాకు. ఒక్కరే కాళ్లు చాచి కూర్చుండి, రెండు కొనలను వెడల్పైన తెడ్డుతో నీటిని కుడియెడమల త్రోయుచు నడపు సన్నని పడవ యిది. ఒక్కొక్క దీవిని చుట్టివచ్చినందుకు ఇన్ని మార్కులని లెక్కించుకొను పందెములును గలవు.

ఈ పడవ గ్రీన్‌లాండు మొదలైన ఉత్తరపు మంచుదేశముల ఇన్యూట్ జనులది. పూర్వము దాని చట్రమును పురుషులు కట్టగా, పైన కప్పు సీలు జంతువు తోలును నీరు చొరకుండ కుట్టినవారు స్త్రీలు. వేటకేగిన భర్త ప్రాణము భార్య సూదిమొన మీద నుండెడిది.

అట్టి పడవలో స్త్రీయే తెడ్డు పట్టినచో ఎంతదూరము పోగలదో 2009లో లోకము చూచెను. జర్మను వనిత ఫ్రెయా హోఫ్‌మైస్టర్ మెల్బోర్ను నగర ప్రాంతమున బయలుదేరి, ద్వీపఖండమైన ఆస్ట్రేలియాను 332 దినములలో ఒంటరిగా చుట్టివచ్చెను. 1981-82లో మొదట ఆ పని చేసిన న్యూజిలాండు వాసి పాల్ కాఫిన్‌కు 360 దినములు పట్టెను. పడమట పడవ నిలుపుటకు తావీయని నిట్టనిలువు కొండచరియలు, ఉత్తరమున మొసళ్లు. కార్పెంటేరియా అఖాతమున ఆమె తీరము వెంట పోక, 500 కిలోమీటర్లకు మించిన నడిసముద్రమును ఎనిమిది దినములలో దాటెను. రాత్రులు పడవలోనే నిద్ర!

నేటి పడవలకు తోలును లేదు, కుట్టును లేదు. అయినను, దీవులను లెక్కించి మార్కులు వేయువారు తొలినాటి ఆ సూదికిని కొన్ని మార్కులు ఉంచవలదా?