జంట ఆసులు చేతికి వచ్చినప్పుడు

పేకాటలో చెడ్డ ముక్కలతో పెద్ద చిక్కు లేదు, అవతల పడేస్తే సరిపోతుంది. మనిషికి అసలు పరీక్ష మంచి ముక్కలు వచ్చినప్పుడే. పోకర్ ఆడుతున్న ఈ కొన్నేళ్ళలో నాకు బాగా బోధపడిన సంగతి ఇది.

రమ్మీకి అలవాటుపడిన చదువరుల కోసం ఆట స్వరూపం క్లుప్తంగా చెబుతాను. టెక్సాస్ హోల్డెమ్‌లో చేతికి వచ్చేవి రెండే ముక్కలు. అందరికీ ఉమ్మడిగా బల్లమీద అయిదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు, తరువాత ఒకటి, చివరికి మరొకటి. ఈ ఏడింటిలో మేలైన అయిదింటిని లెక్కలోకి తీసుకుంటారు. దశదశకూ పందెం సాగుతుంది. 52 ముక్కల నుండి రెండేసి చొప్పున 1326 జతలు ఏర్పడతాయి. వాటిలో ఆసుల జంటలు ఆరు. అంటే సగటున 221 పంపకాలకు ఒక్కసారి ఆ భాగ్యం.

మా వారాంతపు ఆటలో ప్లాస్టిక్ బిళ్ళలే తప్ప డబ్బు ఉండదు. అక్కడొక మిత్రుడు ఆసులు రాగానే మౌనముద్ర దాల్చేవాడు. పందెం పెంచితే అందరూ తప్పుకుంటారని అతని భయం. అలా ఒకసారి అయిదుగురు చవకగా లోపలికి వచ్చారు. బల్లమీద 9, 8, 7 తెరుచుకున్నాయి. చేతిలో 9, 8 ఉన్నవాడు రెండు జతలతో కుప్పంతా ఊడ్చుకుపోయాడు. "ఆసులు నాకు అచ్చిరావు" అని నిట్టూర్చాడు మావాడు.

అచ్చిరావడం మాట అటుంచి, లెక్క చూడండి. ఏవో రెండు ముక్కలున్న ఒక్క ప్రత్యర్థితో చివరిదాకా వెళితే ఆసుల జంట నూటికి 85 సార్లు గెలుస్తుంది. అలాంటివారు అయిదుగురైతే సుమారు 49 సార్లు, తొమ్మిదిమందైతే 31 సార్లు. ఆసులు అవే, గుంపు పెరిగిన కొద్దీ వాటి పట్టు సడలుతుంది. కనుక మొదటే పందెం పెంచాలి. బలహీనులు కొందరు తప్పుకుంటారు, ఉండదలచినవారు తగిన మూల్యం చెల్లిస్తారు.

అయితే తొలి రెండు ముక్కలే ఆటంతా కావు. డోయల్ బ్రన్సన్ 1976లోనూ, 1977లోనూ వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీని గెలిచిన ఆఖరి ఆటల్లో అతని చేతిలో ఉన్నవి 10, 2. అంత నాసిరకపు జతకు తరువాత అతని పేరే స్థిరపడిపోయింది.

పెంచడం కన్నా వదులుకోవడం కష్టం. బల్లమీద నాలుగు ఇస్పేట్లు పరుచుకుని, మన ఆసుల్లో ఇస్పేటు లేక, అప్పటిదాకా నోరెత్తనివాడు ఒక్కసారిగా బిళ్ళలన్నీ ముందుకు తోస్తే, మన చేతిలో మిగిలింది వట్టి ఒక్క జత. ఇన్నాళ్ళకు వచ్చాయన్న మమకారం వాటిని పడేయనివ్వదు. ఎదురుచూసింది మనం, ముక్కలకు ఆ సంగతి తెలియదు.

మొన్న సరిగ్గా అటువంటి స్థితిలో నేను ఆసులను పడేశాను. ఎదుటివాడు తన ముక్కలు చూపకుండానే కలిపేశాడు. నా అంచనా నిజమో కాదో ఇక ఎన్నటికీ తెలియదు. అయినా ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది.